హార్మోను రిసెప్టర్‌కి ఫాస్ఫేటు ఎక్కించే కైనేజ్: శుద్ధి చేసేవాళ్ల సందేహాలు

ఈ నెల ప్రశ్నలన్నీ ఒకే పని చుట్టూ తిరిగాయి: హార్మోను రిసెప్టర్ (హార్మోనుని పట్టుకునే ప్రోటీన్) మీద ఫాస్ఫేటు పెట్టే కైనేజ్ అనే ఎంజైముని మొక్క నుంచి శుద్ధి చేయడం. ఆబ్సిసిక్ ఆమ్లం (వాడుకలో ఏబీఏ) నీళ్లు తగ్గినప్పుడు మొక్కలో పెరిగే హార్మోను. దాన్ని కణంలో పట్టుకునేవి పీవైఆర్/పీవైఎల్ కుటుంబం ప్రోటీన్లని 2009లో తేలింది. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో ఇవి 14 ఉన్నాయి. వీటి మీద ఫాస్ఫేటు పెట్టే కైనేజ్‌ల గురించి 2018లో వరసగా మూడు కబుర్లు వచ్చాయి. టార్ కైనేజ్ పీవైఎల్1లోని 119వ సెరీన్ మీద ఫాస్ఫేటు పెడితే రిసెప్టర్ ఏబీఏని పట్టలేదు. కేసీన్ కైనేజ్-1 జాతికి చెందిన ఏఈఎల్ ఎంజైములు పెడితే రిసెప్టర్‌కి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ గుర్తుగా తగులుకుని, రిసెప్టర్ విచ్ఛిన్నానికి పోతుంది. కార్క్1 అనే కైనేజ్ పెడితే మాత్రం రిసెప్టర్ పనితనం పెరుగుతుంది. అంటే ఏ కైనేజ్, ఏ అమైనో ఆమ్లం మీద అన్నది తేలకుండా 'ఫాస్ఫేటు ఎక్కింది' అని చెప్పినందువల్ల ఒరిగేది లేదు. పంట మొక్కలో ఆ ఎంజైమును పట్టుకోవాలని దిగినవాళ్లు పంపిన ప్రశ్నలివి.

ప్రశ్న: వేరుశనగ ఆకుల నుంచి తీసిన సారం పది నిమిషాల్లో గోధుమరంగుకి తిరుగుతోంది. కైనేజ్ చురుకుదనం ఒకరోజు కనబడితే మరోరోజు ఉండదు. బఫర్‌లో లోపమా, ఆకులోనా? (పరిశోధక విద్యార్థిని, తిరుపతి)

జవాబు: రెండింటిలోనూ ఉంది. రంగు మారిందంటే ఆకులోని ఫినాల్స్ ఆక్సీకరణ చెంది క్వినోన్లుగా మారి ప్రోటీన్లకి అతుక్కుంటున్నాయన్నమాట. ఆ అతుకు పడ్డాక, ప్రోటీన్లని వేరుచేసే ఏ కాలమ్ (గొట్టం) కూడా దాన్ని విడదీయలేదు. ఆకుని ద్రవ నైట్రోజన్‌లో పిండిలా నూరి, ఆ పొడి కరగకముందే చల్లటి బఫర్‌లో వేయాలి. గ్రాము ఆకుకి 2 నుంచి 3 మిల్లీలీటర్లు చాలు. బఫర్‌లో ఇవి ఉండాలి: 50 మిల్లీమోలార్ హెపీస్ పీహెచ్ 7.5, 5 మిల్లీమోలార్ ఈడీటీఏ, 5 మిల్లీమోలార్ ఈజీటీఏ, 10 మిల్లీమోలార్ డీటీటీ, 10 శాతం గ్లిసరాల్, 25 మిల్లీమోలార్ బీటా-గ్లిసరోఫాస్ఫేట్, 10 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడు, 1 మిల్లీమోలార్ పీఎంఎస్ఎఫ్ (ప్రోటీన్లని కోసే ప్రోటియేజ్‌లని ఆపేది), ప్రోటియేజ్ నిరోధకాల మిశ్రమం. కరగని పీవీపీపీ 2 శాతం తూచి, ముందు రాత్రే బఫర్‌లో నానబెట్టండి. పొడిగా చల్లితే ఫినాల్స్‌ని సరిగా పట్టదు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది పీఎంఎస్ఎఫ్ దగ్గర. నీళ్లలో అది నిలవదు. పీహెచ్ 7.5 దగ్గర, 25 డిగ్రీల్లో దాని అర్ధాయువు గంట కన్నా తక్కువ, పీహెచ్ 8కి పోతే అరగంట పైచిలుకే. పొద్దున కలిపిన బఫర్‌లో మధ్యాహ్నానికి పీఎంఎస్ఎఫ్ పేరుకే మిగులుతుంది. ఐసోప్రొపనాల్‌లో 100 మిల్లీమోలార్ స్టాక్ పెట్టుకుని, నూరిన పొడి పోసే నిమిషంలో కలపండి. విషపదార్థం కాబట్టి గ్లవ్స్ లేకుండా ముట్టకండి. ట్రిస్ వాడేవాళ్లకి ఇంకో మాట. ట్రిస్ పీహెచ్ డిగ్రీకి 0.03 చొప్పున జరుగుతుంది. గది ఉష్ణోగ్రతలో 7.5కి సరిచేసిన బఫర్ కోల్డ్ రూమ్‌లో 8.1 దగ్గరికి వెళ్లి కూర్చుంటుంది. పీహెచ్‌ని ఏ ఉష్ణోగ్రతలో వాడతారో అక్కడే సరిచేయాలి. హెపీస్‌తో ఈ తలనొప్పి తక్కువ.

ఇక ఆకు విషయం. పచ్చటి ఆకులో కరిగే ప్రోటీన్‌లో సగం దాకా రుబిస్కోయే (కార్బన్ డయాక్సైడుని పట్టే ఎంజైము) ఉండొచ్చు. మీరు వెతికే కైనేజ్ అందులో ఎక్కడో అడుగున ఉంటుంది. అమ్మోనియం సల్ఫేట్ 35 నుంచి 50 శాతం మధ్య రుబిస్కో దిగుతుంది, కైనేజ్‌లు చాలావరకు అదే దారిలో దిగుతాయి. అందుకే చీకట్లో మొలకెత్తించిన ఏడెనిమిది రోజుల మొలకలు కానీ, ద్రవ మాధ్యమంలో పెంచిన కణాలు కానీ తీసుకోండి. అరబిడాప్సిస్‌కి దగ్గరి బంధువులో పని కావాలనుకునేవాళ్లకి బజారు కాలీఫ్లవర్ చవకైన సరుకు. పువ్వు పైపొర రెండు మూడు మిల్లీమీటర్ల మందాన గీరి తీస్తే ఎక్కువభాగం విభజన చెందే కణాలే, రుబిస్కో దాదాపు ఉండదు, కిలోల్లో దొరుకుతుంది. మొక్క కైనేజ్‌లు కొన్నింటిని శుద్ధి చేసింది కాలీఫ్లవర్ నుంచే.

ప్రశ్న: జీఎస్‌టీ తోక (శుద్ధికి పిడిలా పనికొచ్చే ప్రోటీన్) పెట్టిన పీవైఎల్1ని ఇ. కోలైలో తయారు చేసి, మొలకల సారంతో, రేడియోధార్మిక ఏటీపీతో కలిపి జెల్ నడిపాను. లేన్ మొత్తం నల్లగా వస్తోంది. ఇందులో నా ఎంజైము ఏదో ఎలా చెప్పను? (పీహెచ్‌డీ విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: కైనేజ్ శుద్ధిలో సగం గెలుపు కాలమ్‌లో కాదు, పరీక్షలో ఉంది. ఈ లేన్ శుభ్రపడేదాకా కాలమ్ జోలికి పోవద్దు.

మీ పరీక్ష మిశ్రమం ఇలా ఉండాలి. మొత్తం 25 మైక్రోలీటర్లు. 20 మిల్లీమోలార్ హెపీస్ పీహెచ్ 7.5, 10 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడు, 1 మిల్లీమోలార్ డీటీటీ, 2 మిల్లీమోలార్ ఈజీటీఏ, 50 మైక్రోమోలార్ ఏటీపీ, అందులో 2 నుంచి 5 మైక్రోక్యూరీల గామా ఫాస్ఫరస్-32 ఏటీపీ, 1 మైక్రోగ్రాము రిసెప్టర్, 2 నుంచి 5 మైక్రోగ్రాముల సారం. 30 డిగ్రీల్లో 10 నిమిషాలు పెట్టి ఎస్‌డీఎస్ నమూనా బఫర్‌తో ఆపాలి. అరగంట పెట్టే అలవాటుంటే మానుకోండి. ముడి సారంలో ఏటీపీని తినేసే ఎంజైములు బోలెడు, ఆ 50 మైక్రోమోలార్లూ నిమిషాల్లో హరించుకుపోతాయి. 2, 5, 10, 20 నిమిషాల దగ్గర ఆపి చూసి, సమయంతో పాటు చురుకుదనం గీత వంగకుండా తిన్నగా ఉన్న భాగంలోనే కొలత తీసుకోవాలి.

ఈజీటీఏ ఎందుకంటే, మొక్కల సారంలో కాల్షియంతో నడిచే సీడీపీకే కైనేజ్‌లు విస్తారంగా ఉంటాయి. కాల్షియం కాస్త ఉన్నా ఎదురుపడ్డ ప్రతి ప్రోటీన్‌కీ ఫాస్ఫేటు అంటిస్తాయి. ఒకసారి ఈజీటీఏతో, ఒకసారి 0.5 మిల్లీమోలార్ కాల్షియంతో నడిపి చూడండి. మీ బ్యాండు కాల్షియంతోనే వస్తే మీరు వెతుకుతున్నది సీడీపీకేనే కావచ్చు, అదీ ఒక జవాబే. వెలికితీత బఫర్‌లోని ఈడీటీఏ, ఫ్లోరైడు మాత్రం పరీక్షలోకి రాకూడదు. ఈడీటీఏ మెగ్నీషియాన్ని లాగేస్తుంది, ఫ్లోరైడు దాన్ని మెగ్నీషియం ఫ్లోరైడుగా అడుగుకి దింపేస్తుంది. పరీక్షకి ముందు జీ-25 కాలమ్‌లో బఫర్ మార్చండి.

ఇక లేన్ నల్లగా రావడం. జీఎస్‌టీ-పీవైఎల్1 బరువు దాదాపు 51 కిలోడాల్టన్లు, రుబిస్కో పెద్ద ముక్క 55. రెండూ జెల్‌లో ఒకదాన్నొకటి తోసుకుంటూ నడుస్తాయి. చర్య ముగిశాక, ఎస్‌డీఎస్ పోయకుండా, 20 మిల్లీమోలార్ ఈడీటీఏతో ఆపండి. గ్లూటాథయోన్ పూసలు 15 మైక్రోలీటర్లు వేసి చల్లగా గంటసేపు తిప్పండి. 500 మిల్లీమోలార్ ఉప్పు, 0.5 శాతం ఎన్‌పీ-40 ఉన్న బఫర్‌తో నాలుగుసార్లు కడిగి, ఆ తర్వాత జెల్ మీద ఎక్కించండి. సారంలోని సొంత ఫాస్ఫోప్రోటీన్లు కడుగులో పోతాయి. కాలమ్ దశ నుంచి రుబిస్కో తగ్గుతుంది కాబట్టి ఈ తంటా కూడా తగ్గుతుంది.

ప్రతి జెల్ మీదా ఈ లేన్లు తప్పనిసరి: రిసెప్టర్ లేకుండా సారం, సారం లేకుండా రిసెప్టర్, ఒట్టి జీఎస్‌టీ, సెరీన్‌ని అలనీన్‌గా మార్చిన రిసెప్టర్. ఎంజైము చోట ఉడకబెట్టిన సారం కూడా ఒకటి పెట్టండి. చివరి కాలమ్ దాకా ఇవే లేన్లు నడవాలి. ఖర్చు తగ్గుతుందని రిసెప్టర్ బదులు కేసీన్ గానీ, హిస్టోన్ గానీ వాడి ఫ్రాక్షన్లు (కాలమ్ నుంచి విడివిడిగా పట్టిన భాగాలు) ఎంచుకోవద్దు. కేసీన్ కేసీన్ కైనేజ్‌ల వైపు, హిస్టోన్ సీడీపీకేల వైపు, మయలిన్ బేసిక్ ప్రోటీన్ మ్యాప్ కైనేజ్‌ల వైపు లాక్కెళ్తాయి. మూడు వారాల తర్వాత చేతిలో చక్కగా శుద్ధైన ఎంజైము ఉంటుంది, మీది మాత్రం కాదు.

ఫిల్మ్ మీది నలుపుని చూసి మురిసిపోకుండా లెక్క వేయండి. 25 మైక్రోలీటర్లలో 50 మైక్రోమోలార్ అంటే 1250 పికోమోల్స్ ఏటీపీ. 5 మైక్రోక్యూరీలు అంటే నిమిషానికి 1.11 కోట్ల విఘటనలు. పికోమోల్‌కి సుమారు 8900 పడ్డాయి. బ్యాండు కోసి లెక్కిస్తే 4000 వచ్చిందనుకోండి, ఎక్కిన ఫాస్ఫేటు 0.45 పికోమోల్. మీరు వేసిన 1 మైక్రోగ్రాము జీఎస్‌టీ-పీవైఎల్1 దాదాపు 20 పికోమోల్స్. అంటే నూటికి సుమారు రెండు రిసెప్టర్ల మీదే ఎక్కింది, ఫిల్మ్ మీద మాత్రం బొగ్గులా ఉంది. ముడి సారంతో ఇది మామూలే. శుద్ధైన ఎంజైముతో గంట పెట్టినా ఈ అంకె కదలకపోతే, మీ రిసెప్టర్ సరిగా మడతపడలేదనో, అసలు చోటు అది కాదనో అనుమానించాలి. ఇ. కోలైలో 37 డిగ్రీల్లో తయారుచేస్తే ఈ ముప్పు ఎక్కువ. 0.2 మిల్లీమోలార్ ఐపీటీజీతో (ప్రోటీన్ తయారీని మొదలెట్టించే రసాయనం), 18 డిగ్రీల్లో, రాత్రంతా పెంచండి.

ప్రశ్న: మా కాలేజీకి రేడియోధార్మిక పదార్థాల లైసెన్సు లేదు. ఈ పని చేయడానికి వేరే దారి ఉందా? (అధ్యాపకుడు, కర్నూలు)

జవాబు: ఉంది, కాకపోతే కొంత పని మాత్రమే సాగుతుంది. లైసెన్సు ఉన్న ల్యాబ్‌తో చేయి కలపగలిగితే మొదట అదే చూడండి. ఫాస్ఫరస్-32 గుర్తుపెట్టిన న్యూక్లియోటైడ్లు తయారుచేసే బ్రిట్ (అణుశక్తి శాఖ కిందిది) సంస్థవారి జొనాకి ప్రయోగశాల హైదరాబాద్‌లో సీసీఎంబీ ఆవరణలోనే ఉంది కాబట్టి మన ప్రాంతానికి సరుకు దూరం కాదు. అర్ధాయువు 14.3 రోజులే. సరుకు వచ్చే వారానికి ఫ్రాక్షన్లు సిద్ధంగా ఉండేలా పని అమర్చుకోవాలి. అడ్డుగా సెంటీమీటరు మందం అక్రిలిక్ పలక పెట్టాలి. నేరుగా సీసం పెడితే బీటా కణాలు దానికి తగిలి ఎక్స్-కిరణాలు పుట్టిస్తాయి.

లైసెన్సు లేకుండా చేసే పద్ధతుల్లో మేం ముందుగా చెప్పేది ఏటీపీ-గామా-ఎస్ (చివరి ఫాస్ఫేటులో గంధకం ఉన్న ఏటీపీ). ఏటీపీ బదులు దీన్ని 0.5 మిల్లీమోలార్ వేస్తే కైనేజ్ రిసెప్టర్ మీద థయోఫాస్ఫేటు పెడుతుంది. 20 మిల్లీమోలార్ ఈడీటీఏతో ఆపి, పారా-నైట్రోబెంజైల్ మెసిలేట్ 2.5 మిల్లీమోలార్‌కి వచ్చేలా కలిపి, గది ఉష్ణోగ్రతలో గంట నుంచి రెండు గంటలు ఉంచండి. ఏర్పడ్డ ఎస్టర్‌ని పట్టే యాంటీబాడీతో బ్లాట్ చేయాలి. ఇక్కడ డీటీటీ 1 మిల్లీమోలార్ దాటకూడదు, దాటితే మెసిలేట్‌ని అదే తినేస్తుంది. అన్ని కైనేజ్‌లూ ఏటీపీ-గామా-ఎస్‌ని ఇష్టంగా తీసుకోవు, కొన్నింటికి బాగా నెమ్మది. కాబట్టి బ్యాండు రాలేదంటే కైనేజ్ లేదని అర్థం చేసుకోవద్దు.

ఫాస్ఫేటుని పట్టుకుని ఆపే ఫాస్-ట్యాగ్ జెల్ రెండో దారి. 10 శాతం జెల్‌లో 50 మైక్రోమోలార్ ఫాస్-ట్యాగ్, 100 మైక్రోమోలార్ మాంగనీస్ క్లోరైడు వేస్తే ఫాస్ఫేటు ఎక్కిన రిసెప్టర్ వెనకబడి వేరే బ్యాండుగా నిలుస్తుంది. నమూనాలో ఈడీటీఏ ఉంటే మాంగనీస్ పోయి బ్యాండులు వంకరపోతాయి. రంగు మార్కర్లలో కూడా ఈడీటీఏ ఉండొచ్చు, ఆ పక్క లేన్ ఖాళీ వదలండి. బ్లాట్‌కి ముందు జెల్‌ని 10 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న ట్రాన్స్‌ఫర్ బఫర్‌లో పది నిమిషాల చొప్పున రెండుసార్లు ఊపాలి, లేకపోతే ప్రోటీన్ జెల్‌లోనే ఉండిపోతుంది. ఒక లేన్‌లో లాంబ్డా ఫాస్ఫటేజ్‌తో ఫాస్ఫేటు తీసేసిన నమూనా పెడితే ఏ బ్యాండు ఏదో తేలిపోతుంది. ముందు చెప్పిన రెండు శాతం లాంటి ఎక్కుదల ఇందులో కనబడటం కష్టం. మొదటి కాలమ్‌ల దగ్గర ఏటీపీ-గామా-ఎస్, చివర్లో ఫాస్-ట్యాగ్ అని పని పంచుకోండి.

ప్రశ్న: అమ్మోనియం సల్ఫేట్, తర్వాత క్యూ-సెఫరోజ్ (విద్యుదావేశం మీద ప్రోటీన్లని పట్టే కాలమ్), తర్వాత ఏటీపీ-అగరోజ్ అనుకున్నాను. క్యూ దగ్గరే చురుకుదనం మొత్తం కడుగులోకి పోయింది. ఒకసారి మాత్రం నిలిచి, దిగుబడి 140 శాతం అని వచ్చింది. ఇది సాధ్యమా? (పోస్ట్‌డాక్, బెంగళూరు)

జవాబు: 140 శాతం సాధ్యమే, పెద్ద వింతేమీ కాదు. ముడి సారంలో ఫాస్ఫటేజ్‌లు ఒకవైపు ఫాస్ఫేటు తీసేస్తూ ఉంటాయి, ఏటీపీయేజ్‌లు ఏటీపీ తినేస్తుంటాయి. కాలమ్ వాటిని పక్కకి నెట్టగానే ఉన్న కైనేజ్ అసలు బలం కనబడుతుంది. మొదటి కొలతే తక్కువ వచ్చిందన్నమాట. శుద్ధి పట్టికలో నూటికి నూరు క్యూ ఫ్రాక్షన్‌కి ఇచ్చి అక్కడినుంచి లెక్కపెట్టినా తప్పు లేదు, ఆ మాట పట్టిక కింద రాస్తే చాలు.

కడుగులోకి పోవడానికి కారణం తొంభై పాళ్లు ఉప్పే. అమ్మోనియం సల్ఫేట్ ముద్దలో మిగిలిన ఉప్పు క్యూ మీద ప్రోటీన్‌ని నిలవనివ్వదు. రెండుసార్లు డయాలసిస్ చేశాను అంటారు, వాహకత కొలవరు. 50 మిల్లీమోలార్ సోడియం క్లోరైడు బఫర్ వాహకతని ముందు కొలిచి, మీ నమూనా దానికన్నా తక్కువ చూపేదాకా ఎక్కించకండి. ఉప్పు సరిగ్గా ఉండి కూడా పారిపోతే అప్పుడది క్షార స్వభావం ఉన్న కైనేజ్ కావచ్చు, అదే బఫర్‌లో ఎస్-సెఫరోజ్ మీదో హెపారిన్ మీదో పట్టండి. కడుగుని పారబోయకుండా ఉంచడం ఇందుకే.

సల్ఫేట్ కోతలు గుడ్డిగా వేయవద్దు. 10 మిల్లీలీటర్ల సారం మీద 20, 30, 40, 50, 60 శాతం దగ్గర విడివిడిగా చూసి ఎక్కడ దిగుతుందో తెలుసుకున్నాకే పెద్ద మొత్తం ముట్టండి. సున్నా డిగ్రీల దగ్గర 30 శాతానికి లీటరుకి 164 గ్రాములు, అక్కడినుంచి 60కి వెళ్లడానికి మరో 181 గ్రాములు. మెత్తగా నూరి అరగంట మీద కొంచెం కొంచెంగా వేస్తూ, నురుగు రాకుండా తిప్పండి. సల్ఫేట్ పీహెచ్‌ని దించుతుంది, మధ్యలో చూసుకోండి.

వరస మీద మా అభిప్రాయం ఇది. సల్ఫేట్ ముద్ద ఎలాగూ ఉప్పులోనే ఉంది కాబట్టి, దాన్ని 1 మోలార్ సల్ఫేట్ ఉన్న బఫర్‌లో కరిగించి ముందు ఫినైల్-సెఫరోజ్ ఎక్కించండి, సల్ఫేట్ తగ్గించుకుంటూ దించండి. ఒక డీసాల్టింగ్ తర్వాత క్యూ, 0 నుంచి 500 మిల్లీమోలార్ ఉప్పు గ్రేడియంటుతో, కాలమ్ పరిమాణానికి 20 రెట్లు. తర్వాత హెపారిన్. హెపారిన్ దగ్గర జాగ్రత్త: కేసీన్ కైనేజ్-2 దానికి గట్టిగా పట్టుకుంటుంది, హెపారిన్ దాన్ని నిరోధిస్తుంది కూడా. పైగా ఆ ఎంజైము జీటీపీని కూడా వాడుకోగలదు. మీ శిఖరంలో (చురుకుదనం ఎక్కువున్న ఫ్రాక్షన్లలో) చల్లటి, అంటే రేడియోధార్మికత లేని, జీటీపీ వేస్తే గుర్తు తగ్గితే, హెపారిన్ వేస్తే చురుకుదనం పడిపోతే, మీరు పట్టింది అదే.

ఏటీపీ-అగరోజ్ చివరికి ఉంచండి, అదీ ఎంజైము నానోగ్రాముల్లో కాక మైక్రోగ్రాముల్లో ఉన్నప్పుడే. బఫర్‌లో ఈడీటీఏ తీసేసి 10 మిల్లీమోలార్ మెగ్నీషియం వేయాలి. 5 మిల్లీమోలార్ ఏటీపీతో దించుతారు, ఆ తర్వాతే చాలామంది ఎంజైము చచ్చిపోయిందని రాస్తారు. చచ్చిపోలేదు. దించిన ఫ్రాక్షన్ 5 మైక్రోలీటర్లు 25 మైక్రోలీటర్ల పరీక్షలో వేస్తే 1 మిల్లీమోలార్ చల్లటి ఏటీపీ వచ్చి పడింది. మీ 50 మైక్రోమోలార్ల రేడియోధార్మిక ఏటీపీ 21 రెట్లు పలచబడింది. డీసాల్ట్ చేసి మళ్లీ కొలవండి.

జెల్ ఫిల్ట్రేషన్ మీరు చెప్పలేదు, పెట్టండి. సూపర్‌డెక్స్ 200, 24 మిల్లీలీటర్ల కాలమ్, నమూనా 250 మైక్రోలీటర్లు మించకుండా. చురుకుదనం మొదట్లోనే, శూన్య ఘనపరిమాణం దగ్గర వస్తే టార్ లాంటి పెద్ద సముదాయం అనుమానించాలి. టార్ ఒక్కటే 280 కిలోడాల్టన్ల దాకా ఉంటుంది. అలాంటి దాన్ని నాలుగు కాలమ్‌ల గుండా లాగితే ముక్కలవుతుంది, ఇమ్యునోప్రెసిపిటేషన్ మంచిది.

ప్రశ్న: ఏబీఏ వేస్తే రిసెప్టర్ మీద ఫాస్ఫేటు మూడు రెట్లు ఎక్కువ ఎక్కుతోంది. అంటే నా కైనేజ్ హార్మోను పట్టిన రిసెప్టర్‌నే గుర్తుపడుతుందని రాసుకోవచ్చా? (పరిశోధక విద్యార్థి, వరంగల్)

జవాబు: ఇంకా వద్దు. మీ సారంలో ఏం జరుగుతోందో చూడండి. రిసెప్టర్‌కి ఏబీఏ తగిలితే అది క్లేడ్-ఏ పీపీ2సీ ఫాస్ఫటేజ్‌లకి అడ్డం పడుతుంది, దాని అసలు పనే అది. మీరు పరీక్షలో వేసిన రిసెప్టర్ మైక్రోగ్రాముల్లో ఉంది, సారంలోని పీపీ2సీలు నానోగ్రాముల్లో. ఏబీఏ పడగానే అవన్నీ మూతపడతాయి. అప్పుడు రిసెప్టర్ మీది ఫాస్ఫేటు తీసేవాళ్లు తగ్గొచ్చు, వాటివల్ల అణిగి ఉన్న ఎస్ఎన్ఆర్‌కే2 కైనేజ్‌లు (ఏబీఏ కబురుని ముందుకి తీసుకెళ్లేవి) లేవనూవచ్చు. రెండు సందర్భాల్లోనూ మీ బ్యాండు నల్లబడుతుంది, అసలు కైనేజ్‌కి ఏబీఏతో పనిలేకపోయినా సరే. ఫాస్ఫటేజ్‌లని ఆపే ఒకడయిక్ ఆమ్లం వేశాను కదా అనకండి, పీపీ2సీలు దానికి లొంగవు. అవి మెగ్నీషియంతో నడుస్తాయి, మీ పరీక్షలో మెగ్నీషియం పుష్కలంగా ఉంది.

దీన్ని విడదీయడానికి పీపీ2సీ లేని ఫ్రాక్షన్ కావాలి. క్యూ దాటాక ప్రతి ఫ్రాక్షన్‌నీ ఫాస్ఫేటు ముందే ఎక్కించిన కేసీన్‌తో, మెగ్నీషియం ఉండగా, లేకుండా పరీక్షిస్తే పీపీ2సీ ఎక్కడ దిగిందో తెలుస్తుంది. అది లేని చోట కూడా ఏబీఏ ప్రభావం నిలిస్తే అప్పుడు మీ మాటకి బలం వస్తుంది. అప్పుడైనా ఒక మెలిక ఉంది. పీవైఆర్1, పీవైఎల్1, పీవైఎల్2 ఏబీఏ లేనప్పుడు జంటలుగా ఉంటాయి, ఏబీఏ తగిలితే విడిపోతాయి. జంట మధ్య దాగిన సెరీన్ బయటపడి ఉండొచ్చు. ఒంటరిగా తిరిగే పీవైఎల్‌ని, ఉదాహరణకి పీవైఎల్5ని కానీ పీవైఎల్6ని కానీ, పక్కన పెట్టి పోల్చండి. జీఎస్‌టీ కూడా జంటకట్టే ప్రోటీనే, ఈ ప్రయోగానికి ఆ తోక కోసేయాలి.

ఏబీఏ స్టాక్: మిల్లీలీటరు ఇథనాల్‌లో 2.64 మిల్లీగ్రాములు అంటే 10 మిల్లీమోలార్. వెలుతురుకి పనికిరాని రూపంలోకి మారుతుంది, రేకు చుట్టి చల్లగా పెట్టండి. కంట్రోల్ లేన్‌లో అంతే ఇథనాల్ వేయడం మరవకండి.

ప్రశ్న: ఇన్-జెల్ కైనేజ్ పరీక్షలో బ్యాండే రావడం లేదు. అదే ఫ్రాక్షన్ ట్యూబులో బాగా పనిచేస్తోంది.

జవాబు: జెల్ నిండా రిసెప్టర్ (మిల్లీలీటరుకి 0.25 మిల్లీగ్రాములు) పోసి, నమూనా నడిపి, ఎస్‌డీఎస్ కడిగేసి ఎంజైముని జెల్‌లోనే మళ్లీ మడతపెట్టించే పద్ధతి ఇది. ఒకే గొలుసుతో పనిచేసే కైనేజ్‌కే వస్తుంది. రెండు మూడు ముక్కలు కలిస్తేనే పనిచేసేదానికి ఎన్ని రోజులు కడిగినా రాదు, మీది అదే కావచ్చు. అలా అనుకునే ముందు ఎస్‌డీఎస్ పూర్తిగా పోయిందో లేదో చూడండి. 25 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 7.5, 0.5 మిల్లీమోలార్ డీటీటీ, 0.1 శాతం ట్రైటాన్ ఎక్స్-100, మిల్లీలీటరుకి 0.5 మిల్లీగ్రాముల బీఎస్ఏతో అరగంట చొప్పున మూడుసార్లు కడగాలి. ట్రైటాన్ లేని బఫర్‌లో 4 డిగ్రీల్లో రాత్రంతా, మూడుసార్లు మారుస్తూ మడతపెట్టించాలి. రెండో జెల్‌లో రిసెప్టర్ బదులు బీఎస్ఏ పోయండి. అందులోనూ అదే చోట బ్యాండు వస్తే అది కైనేజ్ తనమీద తనే పెట్టుకున్న ఫాస్ఫేటు.

పద్ధతి పాతదని తీసిపారేయకండి. బాకలా చిక్కుడు ఆకు రంధ్రాల కాపలా కణాల్లో ఏబీఏతో లేచే 48 కిలోడాల్టన్ల కైనేజ్ ఏఏపీకే మొదట కనబడింది ఇలాంటి జెల్‌లోనే. మాస్ స్పెక్ట్రోమెట్రీతో దాని ముక్కల వరస చదివి 2000లో జన్యువుని పట్టుకున్నారు.

ప్రశ్న: శుద్ధైన ఫ్రాక్షన్ రెండు రోజుల్లో చచ్చిపోతోంది.

జవాబు: పలచబడ్డ ప్రోటీన్ ట్యూబు గోడకి అంటుకుంటోంది. మిల్లీలీటరుకి 0.1 మిల్లీగ్రాముల బీఎస్ఏ, 20 శాతం గ్లిసరాల్, 1 మిల్లీమోలార్ డీటీటీ వేసి, 20 మైక్రోలీటర్ల చొప్పున పంచి, ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి మైనస్ 80లో పెట్టండి. ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించవద్దు. మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపే భాగంలో మాత్రం బీఎస్ఏ వేయకండి, యంత్రం బీఎస్ఏని తప్ప మరొకటి చూడదు.

ప్రశ్న: చివరి ఫ్రాక్షన్ మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపితే 70 ప్రోటీన్ల జాబితా వచ్చింది. అందులో నాలుగు కైనేజ్‌లు. ఏది నాది? (శాస్త్రవేత్త, రాజేంద్రనగర్)

జవాబు: ఒక్క ఫ్రాక్షన్ పంపడం దగ్గరే పొరపాటు. చివరి కాలమ్ నుంచి శిఖరానికి అటూ ఇటూ కలిపి ఏడెనిమిది ఫ్రాక్షన్లు పంపించాలి. ప్రతి ప్రోటీన్ మోతాదునీ ఫ్రాక్షన్ల వెంట గీతగా గీయించి, మీ చురుకుదనం గీత మీద పెట్టి చూడండి. నాలుగింటిలో మూడు పక్కకి జరిగిపోతాయి. ఇంకా తేలకపోతే అదే నమూనాని వేరే గుణం మీద నడిచే కాలమ్‌లో, క్యూ చివరిదైతే జెల్ ఫిల్ట్రేషన్‌లో, నడిపి మళ్లీ గీయించండి. రెండు కాలమ్‌లలోనూ చురుకుదనంతో కలిసి నడిచేదాన్నే పట్టుకోండి. జాబితాలో ఎక్కువ మోతాదులో ఉన్న కైనేజే మీదని అనుకోవద్దు, కైనేజ్‌ల సామర్థ్యంలో వెయ్యి రెట్ల తేడా కూడా ఉంటుంది. జాబితాలో కెరాటిన్ ముందు వరసలో ఉంటే గ్లవ్స్, తలటోపీ, జెల్ కోసిన చోటు చూసుకోండి. గ్లుటరాల్డిహైడ్ వాడే వెండి రంగు వేసిన జెల్ ముక్కలు పంపి ఉంటే పెప్టైడ్లు తక్కువ రావడం సహజం.

పేరు దొరికాక దాన్ని ఇ. కోలైలో తయారుచేసి, ఏటీపీని పట్టే లైసీన్‌ని మార్చిన నిర్జీవ రూపాన్ని పక్కన పెట్టి పరీక్షించాలి. నిర్జీవ రూపంతో కూడా ఫాస్ఫేటు ఎక్కితే మీతో పాటు ఇ. కోలై నుంచి వచ్చిందేదో ఉంది. మొక్క నుంచి శుద్ధి చేసినదీ, ఇ. కోలైలో తయారుచేసినదీ రిసెప్టర్ మీద ఒకే సెరీన్‌కి ఫాస్ఫేటు పెడతాయని తేలాలి, ఆ సెరీన్ మీద మొక్కలో నిజంగా ఫాస్ఫేటు ఉందని కూడా చూడాలి. ట్యూబులో మైక్రోగ్రాముల రిసెప్టర్ ముందు పెడితే మొక్కలో ఎప్పుడూ ముట్టని సెరీన్‌కి కూడా కైనేజ్ ఫాస్ఫేటు అంటిస్తుంది. ఆ జన్యువు పోయిన మొక్కల సారంతో మీ మొదటి పరీక్షనే మళ్లీ చేయండి. చురుకుదనం సగమే తగ్గితే కంగారు పడనక్కర్లేదు, ఏఈఎల్‌లు అరబిడాప్సిస్‌లోనే నాలుగున్నాయి, ఒకటి పోతే మిగతావి కొంత సర్దుతాయి. అసలు తగ్గకపోతే మాత్రం ఫ్రాక్షన్ల గీత దగ్గరికే తిరిగి వెళ్లి, పక్కకి జరిగాయని వదిలేసిన మూడింటినీ మళ్లీ చూడాలి.